పదకొండేళ్ళు నేను ముట్టని బంటు

అన్నా, నమస్తే. బాగున్నావా? వదిన, పిల్లలు కులాసాగా ఉన్నారా? నువ్వు మెసేజి పెట్టి ఇరవై రోజులు దాటిపోయింది. జవాబు రాయలేదని కోపం పెట్టుకోవద్దు. అంగడిలో పని తెమలక కాదు. ఈ ఎండల్లో పని ఎక్కడుంది, ఫ్యాను కింద నేనూ నా పైపులూ తప్ప! రాసేముందు ఒక సంగతి తేల్చుకోవలసి వచ్చింది, అంతే.

నువ్వు విన్నది నిజమే. నీళ్ళ మామ పోయాడు. మధ్యాహ్నం సంగటి తిని, గోడకు చేరగిలి కూర్చుని, "రవంత కునుకు తీస్తా" అన్నాడట. మళ్ళీ లేవలేదు. డెబ్బై దాటినా ఒక్కరోజు మంచాన పడని మనిషి, పోయేటప్పుడు కూడా పడుకోలేదు.

బళ్ళారిలో నీ దగ్గర చదరంగం నేర్చుకునే పిల్లలకు చదివి వినిపిస్తాను, ఆయన గురించి మొదట్నుంచి రాసి పంపు అన్నావు. రాస్తాను. కానీ ముందే ఒక మాట. ఆయన పోవడానికి మూడు వారాల ముందు నేను ఆయన్ను మా అంగడిలో, పరాయి మనిషి ముందర, మోసం చేస్తున్నావు అన్నాను. ఆ తర్వాత ఆయన అంగడి మెట్టు ఎక్కలేదు. నేను అన్నది నిజమా, నిందా? అది తేలకుండా ఆయన గురించి మంచిమాటలు ఎలా రాయను? నింద అయితే ఆయనకు అన్యాయం. నిజమైతే నీ పిల్లలకు. అందుకే ఈ ఆలస్యం.

పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. నాది కళ్యాణదుర్గంలో పైపుల అంగడి. బోరు పైపులు, డ్రిప్పు పైపులు, ఎల్బోలు, వాల్వులు, మోటారు సామాన్లు. మామ కుందుర్పి దారిలో ఉన్న ఒక పల్లెవాడు. నాకు చుట్టం కాదు, ఊరంతా మామ అంటే నేనూ అన్నాను. బోరు వేయించేముందు పొలంలో నీళ్ళ జాడ చూడటం ఆయన పని. అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకుని చేనంతా నడుస్తాడు. ఒకచోట టెంకాయ లేచి నిలబడుతుంది. అక్కడ రాయి పాతుతారు. లేచేది టెంకాయో, లేపేది చెయ్యో నాకు ఈనాటికీ తెలియదు. రాయి పాతిన తర్వాతే నా పైపులు అమ్ముడుపోతాయి కాబట్టి పైకి ఎప్పుడూ అడగలేదు. లోపల మాత్రం అనుమానం ఉండేది.

నా అనుమానం నీకు కొత్త కాదు. పది కట్టలు తీసుకుంటే ఒక కట్ట ఉచితం అని ఒక కంపెనీవాడు వస్తే, ఆ ఒక్క కట్ట పక్కన పడేసి పది కట్టలూ విప్పి టేపు పెట్టి కొలిచినవాణ్ణి. ప్రతి కట్టలో రెండు మీటర్లు తక్కువ వచ్చింది. ఆ రోజు నుంచి ఎవరైనా ఊరికే ఏదైనా ఇస్తే నా చెయ్యి టేపు కోసం వెతుకుతుంది.

మామ మొదటిసారి మా అంగడికి వచ్చింది ఫుట్ వాల్వు కోసం. మోటారు డబ్బా మీద బోర్డు పెట్టుకుని నువ్వూ నేనూ ఆడుతున్నాం. వాల్వు చేతిలో పట్టుకుని ఆట అయ్యేదాకా మన వెనకాల నిలబడ్డాడు. అప్పటికే తెల్ల గుర్రం ఒకటి ఎక్కడో పోయి, దాని బదులు అరంగుళం ఎల్బో, పైపు మలుపులో వేసే వంపు ముక్క, పెట్టి ఉన్నాం. దాన్ని చూసి నవ్వాడు.

"ఏం శెట్టీ, గుర్రం కంటే ఇదే మేలు గదా. యాడ మలుపుకుంటాదో ముందే చూపిస్తాది."

ఆ రోజే కూర్చున్నాడు. అంగడికి వచ్చినవాళ్ళకు తెల్లవి, నాకు నల్లవి, మన పద్ధతి అది. అప్పట్నుంచి పదకొండేళ్ళు ఆయనకు తెల్లవే. వారంలో రెండు మూడు సార్లు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా. ఆ ఎండలో బేరాలు రావు, ఆయనను చేను చూడటానికి పిలిచేవాళ్ళూ ఉండరు.

ఆయన మొదటి ఎత్తుల్లోనే నా తలనొప్పి అంతా ఉంది. రాజు ముందరి బంటును రెండు గడులు తోస్తాడు. నేనూ అంతే. రెండో ఎత్తుకే, రాజు పక్కన ఉండే ఒంటె ముందరి బంటును తెచ్చి నా బంటు నోటికి అందేలా పెడతాడు. ఊరికే. తినమని. తింటే ఆయన రాజు పక్క తలుపు తెరిచిపెట్టినట్టు అవుతుంది. దీన్ని పుస్తకాల్లో కింగ్స్ గ్యాంబిట్ అంటారని నువ్వు చెప్పావు. ఆయనకు ఆ పేరు తెలియదు. ఆయనకది బంటు పెట్టడం, అంతే.

నేను తీసుకునేవాణ్ణి కాదు. బంటు పెట్టిన వెంటనే మంత్రిని బయటికి తెచ్చి ఆయన రాజుకు ఒక షా చెప్పేవాణ్ణి. దానివల్ల లాభమేమీ లేదు. ఆయన ఒక బంటు అడ్డం పెడతాడు, నా మంత్రి వెనక్కి వస్తుంది. కానీ కొత్త నోటును వెలుతురుకు పెట్టి చూసినట్టు, ఆ ఒక్క షా చెబితే గాని నాకు ధైర్యం వచ్చేది కాదు. షా అన్నప్పుడల్లా మామ నాలుక చప్పరించేవాడు.

"పాయ. కాళ్ళు విరిగిపాయ."

ఏదో తమాషాకు అంటున్నాడనుకున్నాను. పదకొండేళ్ళు అలాగే అనుకున్నాను చూడు.

ఆ బంటు గురించి మన ముగ్గురికీ జరిగిన వాదన పిల్లలకు చెప్పాలి. నువ్వు బళ్ళారి వెళ్ళకముందు నీది ఒకటే పాట.

"పుస్తకం ప్రకారం తీసుకోవచ్చు మామా. నీ ఆటే బలహీనం అవుతుంది. రాజు ముందు తలుపు తీసి పెట్టుకుంటాండావు."

"ఆ పుస్తకం రాసినోడు నాతో ఆడినాడా?"

"ఆడలేదు."

"మరి వానికెట్ల తెలుసు?"

నువ్వు తల పట్టుకునేవాడివి. నేను మధ్యలో దూరేవాణ్ణి. "మామా, నువ్వు ఊరికే ఇస్తాండావంటే ఏదో ఉండాది. నేను తీసుకోను."

"ఏముంటాది శెట్టీ? ఎత్తుకోని చూడు, అప్పుడు తెలుస్తాది. ముందు రవంత పోగొట్టుకోకుండా ఈ సీమలో ఎవురికేం దొరికింది? యిత్తనాలు దుమ్ములో ఏసి మొగులు దిక్కు చూసేది ఏంది మరి? అదీ బంటు పెట్టేదే."

"అందుకే గదా మామా చెనిక్కాయ రైతులు ఇట్లున్నారు."

"అట్లున్నా ఏసేది మానినారా?"

ఇంకా అనుమానం పెంచే సంగతి ఒకటి ఉంది. ఆయన పెద్ద ఆటగాడు కాదు. నాలుగు ఆటల్లో మూడు ఓడేవాడు. అయినా ప్రతిసారీ అదే బంటు. ఓడే మనిషి అంత నమ్మకంగా ఒకే ఎత్తు ఎందుకు వేస్తాడు? ఏదో దాచిపెట్టాడు, నేను తీసుకునే రోజు కోసం కాచుకుని ఉన్నాడు అనుకున్నాను. కోట కూడా కట్టేవాడు కాదు. ఒకసారి అడిగాను, "ఏం మామా, రాజును మూలకు చేర్చవా?" అని. "నా రాజుకి కోట పనిల్యా. కాళ్ళుండాయి" అన్నాడు. ఎత్తు వేసేముందు అరచేతిని బల్ల మీద ఇటూ అటూ తిప్పేవాడు, అచ్చం చేనులో టెంకాయతో నడిచినట్టు. అది కూడా నాకు గిట్టేది కాదు. ఇక్కడ కూడా ఏదో లేపబోతున్నాడు అనిపించేది.

ఇన్ని అనుమానాల మధ్య ఆయన వచ్చే రోజు కోసం ఎదురుచూసిందీ నేనే. వస్తూ వస్తూ తువ్వాల కొసలో ఏదో ఒకటి మూటగట్టుకొచ్చేవాడు. పచ్చి చెనిక్కాయలో, రెండు సీతాఫలాలో. కూర్చునేముందు అంగడి ముందరి డ్రమ్ములోంచి చెంబుతో నీళ్ళు తీసుకుని తాగి, చెంబు అడుగున మిగిలిన గుక్కెడు నీళ్ళు మా గుమ్మం పక్కనున్న తులసి మొదట్లో పోసేవాడు. పారబోసేవాడు కాదు. మా ఆవిడకు ఆయన మీద గౌరవం ఆ ఒక్క పనితోనే పుట్టింది. "నీళ్ళు తెలిసిన మనిషి" అనేది. "తెలుసో, తెలిసినట్టు ఉంటాడో" అనేవాణ్ణి నేను.

ఇక ఆ రోజు సంగతి.

పక్క పల్లె రైతు ఒకాయన ఉన్నాడు. రెండు బోర్లు వేస్తే రెండూ ఎండిపోయాయి. మూడోది వేసేముందు చేను చూపిద్దామని మామను తన బండి మీద తీసుకుపోవడానికి వచ్చాడు. ఆట అయ్యాక పోదామని సిమెంటు బస్తా మీద కూర్చున్నాడు.

మామ బంటు పెట్టాడు. నేను తీసుకున్నాను.

నా ధైర్యం ఎక్కడిదో నీకు తెలుసు. ముందురోజు నువ్వే కదా మెసేజి పెట్టింది. "కంప్యూటరు చూపించింది. బంటు తీసుకో, భయం లేదు, నల్లవాళ్ళకే మేలు" అని వరసగా ఎత్తులు కూడా రాశావు. ఆ ఫోను నా ఒళ్ళో ఉంది. నేను వంగి వంగి చూసి ఆడుతున్నాను. ఇది పిల్లలకు చదవాలా వద్దా అనేది నీ ఇష్టం. నేనైతే చదవమంటాను.

మామ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"శెట్టీ! ఎత్తుకుంటివా?"

"ఎత్తుకుంటి మామా. ఏం, వద్దా?"

"వద్దని ఎవురన్నారు! ఎత్తుకో, ఎత్తుకో."

ఆయన ముఖం అంత వెలిగిపోవడం నేను ఎన్నడూ చూడలేదు. ఆ వెలుగు చూసే నాకు గుబులు పట్టుకుంది. వెంటనే గుర్రం ముందరి బంటును కూడా ఒక గడి తోసి నా ముందు పెట్టాడు. రెండోది! నీ మెసేజిలో అది లేదు. పెన్ను కింద పడినట్టు వంగి మళ్ళీ చూశాను. లేదు. సరే, ఒకటి తీసుకున్నాక ఇంకేం భయమని దాన్నీ తీసుకున్నాను. షా చెప్పే సంగతే మరిచిపోయాను. మరుసటి ఎత్తుకు నా మంత్రి దిగితే ఆయన రాజు చిక్కినట్టే.

మామ అరచెయ్యి రాజు మీద తిరిగింది. రాజును పట్టుకున్నాడు. రెండు గడులు పక్కకు, ఒక గడి ముందుకు, గుర్రం దూకినట్టు దూకించి, ఎల్బో ముందర ఖాళీ అయిన గడిలో నిలబెట్టాడు. సరిగ్గా నా నల్లబంటు వెనకాల. నా బంటే ఆయన రాజుకు గొడుగు పట్టినట్టుంది.

"ఏంది మామా ఇది?"

"ఏంది?"

"రాజు యాడికి పోతాండాడు?"

"దూకినాడు."

"దూకేకి గుర్రమా?"

"ఒకతూరి దూకుతాడు గదప్పా రాజు."

"యా ఊర్లో? పదకొండేండ్లలో ఎప్పుడూ దూకనోడు ఈ పొద్దే యాల దూకినాడు? ఓడిపోతావనే గదా?"

"నువ్వు దూకనిస్తివా ఎప్పుడన్నా? బంటు పెట్టంగానే..."

ఆయనను చెప్పనిస్తే అప్పుడే తెలిసిపోయేది. నేను చెప్పనివ్వలేదు. నా అనుమానం నిజమైందన్న సంతోషం అన్నా అది. పదకొండేళ్ళు నేను దేనికి భయపడ్డానో అది ఇదే, దొరికాడు అనుకున్నాను.

"మోసం మామా ఇది. శుద్ధ మోసం. చేన్లో టెంకాయ లేపినట్ల ఈడ రాజును లేపుతాండావా?"

మామ నా ముఖం చూడలేదు, బస్తా మీద కూర్చున్న రైతు ముఖం చూశాడు. తర్వాత తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"టెంకాయ సంగతి ఈడ యాల శెట్టీ," అన్నాడు మెల్లిగా, దిగి వెళ్ళిపోయాడు.

రైతు లేచాడు. "నాకి రవంత పని ఉండాది" అని బండి తీసుకుని, మామ నడిచి పోయిన దిక్కుకు కాకుండా, ఇంకో దిక్కుకు పోయాడు.

ఆ పోవడం చూసి కూడా నేను తప్పు చేశాననుకోలేదు. మంచి పని చేశాను, ఒక రైతును కాపాడాను అనుకున్నాను. మామ మళ్ళీ రాకపోతే, దొరికిన మనిషి ఎందుకు వస్తాడు అనుకున్నాను. వారం తర్వాత ఒకసారి, ఇంకో పది రోజులకు ఇంకోసారి, ఫోను మీద "నీళ్ళ మామ" అని వెలిగింది. కథలు చెప్పడానికి చేస్తున్నాడని తీయలేదు. తర్వాత ఫోను రాలేదు, ఆయన పోయాడన్న మాట వచ్చింది.

పదకొండో రోజు వాళ్ళ ఊరికి వెళ్ళాను. అంతా ప్రేమతోనే వెళ్ళానని చెప్పను. ఇంట్లోవాళ్ళ ముఖాల్లో ఏదైనా తెలుస్తుందేమో చూద్దామని కూడా వెళ్ళాను. చిన్న ఇల్లు, ముందర బండ పరిచిన అరుగు. జనం భోజనాలకు లేచాక, మామ భార్య అరుగు మీదికి వచ్చి కూర్చుంది. సన్నగా, నిటారుగా ఉంది. ఏడ్చి ఏడ్చి ఆగిన ముఖం. నన్ను తేరిపార చూసింది.

"నువ్వేనా ఆ బంటు ముట్టని శెట్టివి?"

ఆ ఇంట్లో నా పేరు అదన్నమాట.

"ముట్టినానత్తా, కడాకి."

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "ముట్టితివా! దూకినాడా మరి?"

"దూకినాడు."

"ఊ..." అంది. ఆ ఊ చాలాసేపు సాగింది. "దానికోసమే గదా ఇన్నేండ్లు కాసుకోనుండె. 'శెట్టి బంటు ఎత్తుకోడు, పైగా మంత్రిని తెచ్చి షా అంటాడు, షా పడినాక రాజు దూకేకి లేదు, ఏం చేసేది' అని ఒకటే గోల. పోనీలే, దూకినాడు. దూకినాక నువ్వేం ఆడితివి?"

అన్నా, కాళ్ళు విరిగిపోవడం అంటే ఏమిటో, రాజుకు కాళ్ళున్నాయి అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. వాళ్ళ ఊరి ఆటలో రాజుకు జన్మలో ఒక దూకు ఉంది, షా పడకముందు. ఆ దూకు లెక్కలో పెట్టుకునే ఆయన తలుపు తెరిచి బంటు పెట్టేవాడు. అందరికీ తెలిసిందే కదా అని నాకు చెప్పలేదు. నేనూ అందరికీ తెలిసిందే కదా అని నా ఆట ఆయనకు చెప్పలేదు. పదకొండేళ్ళు ఒకే బోర్డు మీద రెండు ఆటలు ఆడాం. ఆయన నా కోటను చూసి ఏమనుకున్నాడో! ఒక్కసారి కూడా మోసం అనలేదు.

"ఆట సగంలో ఆగిపాయత్తా," అన్నాను.

"ఆ, అదే చెప్పినాడు. 'ఆట సగంలో ఉండాది, ఎత్తు శెట్టిది' అన్నాడు. ఇంకేం చెప్పలే."

ఇంకేం చెప్పలేదట. నేను అన్న మాటను ఆయన ఇంటిదాకా మోసుకురాలేదు. అక్కడ నేను ఊరుకుని వచ్చేసి ఉండవచ్చు. కానీ ఆమె నా ఎత్తు కోసం చూస్తూ కూర్చుంది.

"నేను మోసమంటి అత్తా. నలుగురిలో అంటి."

ఆమె వంగి అరుగు మీది దుమ్మును కొంగుతో తుడిచింది. కింద బండ మీద ఉలితో గీసిన గళ్ళు కనబడ్డాయి. ఎనిమిదికి ఎనిమిది. రంగు లేదు, కొన్ని గళ్ళలో మాత్రం ఇంటూ గుర్తులు.

"అనింటావులే. నేనూ అన్న్యా. మాది విడపనకల్లు పక్క. మా పుట్టింట్లో ఆడితే రాజు దూకేది లేదు. పెండ్లైన కొత్తలో ఈ బండ మీదనే దూకించినాడు. దొంగాట ఆడతావా అని మూడు దినాలు మాట్లాడలే."

"మామ ఏమన్నాడు?"

"ఏమంటాడు. పొద్దున చేన్లోకి పోయేముందు ఒక బంటును నా బంటు ముందరకి తోసి పెట్టి పోతాండె. నేను చూసి ఊరుకుంటాంటి. మర్నాడు ఇంకోటి. మూడో దినం విసుక్కోని ఎత్తుకుంటి." నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. "అంతే, మాటలు కలిసిపాయ."

నా జేబులో ఫోను బరువెక్కింది. నేను తీయని రెండు పిలుపులు గుర్తొచ్చాయి. ఆ ఫోనులోనే నీ మెసేజి కూడా ఉంది. దాని గురించి మాత్రం ఆమెకు చెప్పలేకపోయాను.

లేచేటప్పుడు అంది, "నీ ఎత్తు ఇంకా ఉండాది శెట్టీ. ఆడి, వచ్చి నాకి చెప్పు."

ఇంతా విని కూడా నా బుద్ధి ఊరుకుందా? భర్తను కాపాడుకోవడానికి ఆమె అలా చెప్పి ఉంటే? బస్టాండులో ముగ్గురు ముసలివాళ్ళు కూర్చుని ఉంటే వాళ్ళను అడిగాను, చదరంగంలో రాజు దూకుతాడా అని.

"దూకుతాడు. ఒకతూరి. షా పడకముందు," అన్నాడు మొదటాయన.

"షా పడినా దూకచ్చు," అన్నాడు రెండో ఆయన.

"దూకేకి రాజేమన్నా కప్పా?" అన్నాడు మూడో ఆయన.

"నీకేం తెలుసప్పా, మీ ఊర్లో బంటు కూడా ఎనక్కి పోతాది."

"ఎవురు చెప్పినారు నీకి?"

బస్సు వచ్చింది, నేను ఎక్కేశాను. వాళ్ళింకా తగవులాడుతూనే ఉన్నారు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నా అనుమానం తీరింది అన్నా. తీరినందుకు సంతోషం మాత్రం లేదు.

మర్నాడు రైతు చేనికి వెళ్ళాను. ఆయన గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా శెట్టీ, ఎండలో ఇట్ల?"

"నీతోనే పని. ఆ పొద్దు మామను మోసమంటి గదా. అది నా తప్పు. ఆయప్ప ఆడింది వాళ్ళూరి ఆట. నాకి తెలీక నోరు పారేసుకుంటి."

రైతు చేను మూలకు చెయ్యి చూపించాడు. అక్కడ బూడిదరంగు రాతిపొడి కుప్ప పోసి ఉంది. బోరు వేస్తే లోపల్నుంచి వచ్చే పొడి. తడిసిన గుర్తు ఎక్కడా లేదు.

"మిషనుతో చూసేటోడు ఆడ ఉండాదన్నాడు. ఏసినాం. దుమ్మే."

"మామను పిలవకపోతివా?"

"పిలవలే. ఆయప్పే వచ్చినాడు. మీ గలాటా అయిన నాలుగోనాడు, నడిచి వచ్చినాడు. చేనంతా తిరిగినాడు. 'ఈ చేన్లో యాడా లేదు నాయనా, దుడ్లు పోసుకోవద్దు' అన్నాడు. నేనేమనుకుంటి? పిలవలేదనే కోపంతో అంటాండాడు, శెట్టి చెప్పిందే నిజం అనుకుంటి."

ఆ బోరులో దిగిన కేసింగు పైపు మా అంగడిలోదే.

అన్నా, టెంకాయ సంగతి నాకు ఇప్పటికీ తెలియదు. ఈ నేలలో నీళ్ళు లేవని చెప్పడానికి టెంకాయ అక్కర్లేదు, నేనైనా చెప్పగలను. కానీ పిలవని చేనికి, నమ్మని మనిషి దగ్గరికి, ఆ ఎండలో నడిచిపోయి చెప్పేవాణ్ణా? కాదు. పైపు అమ్మేవాణ్ణి. అమ్మాను కూడా. ఆ రైతు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆయన చెంబుతో మజ్జిగ ఇచ్చాడు. ఊరికే. తీసుకుని తాగాను.

ఇంక ఒకటే మిగిలింది. ఆ తప్పులో సగం నీది కాబట్టి నిన్ను పిలుస్తున్నాను. ఆ రోజు కోపంలో పెట్టెలో వేసేసిన ముక్కలన్నీ తీసి, బోర్డు మీద ఆ ఆట ఎక్కడ ఆగిందో అక్కడికి మళ్ళీ పేర్చాను. రోజూ మధ్యాహ్నం ఎదురుగా కూర్చుంటున్నాను. దూకిన రాజుతో ఆ గ్యాంబిట్ నిలుస్తుందా, నిలవదా? రెండు బంట్లు నా దగ్గర ఉన్నాయి. లెక్క ప్రకారం నాదే పైచేయి. అయినా నా బంటు వెనకాల నిలబడిన ఆ రాజును చూస్తే, ఒకరోజు నేనే గెలుస్తాననిపిస్తుంది, ఒకరోజు ఎత్తే కనబడదు. కంప్యూటరును అడగవద్దు, దానికి రాజు దూకేది తెలియదు. మనిద్దరమే తేల్చాలి, ఫోన్లు బయట పెట్టి. తేలిన ఎత్తు పట్టుకుని కుందుర్పి బస్సెక్కి ఆ బండ దగ్గరికి పోవాలి. అత్త కాచుకుని ఉంది. ఈసారి నేను మంత్రినే తెస్తానో, ఇంకేం చేస్తానో గాని, ముందు ఆమెను అడిగి, వాళ్ళ ఊరి ఆట మొత్తం నేర్చుకుని మరీ ఆడతాను.

రెండు దాటాక షట్టరు సందులోంచి ఎండ బోర్డు మీదికి వస్తుంది. ఎల్బో నీడ మెల్లిగా జరిగి, దాని ముందర నిలబడిన రాజు మీద పడుతుంది. నాలుగింటి దాకా అక్కడే ఉంటుంది. నేను ఏదీ కదిలించలేదు. మా ఆవిడ తుడవబోతే కూడా వద్దన్నాను.

ఎత్తు నాది అన్నా. ఎప్పుడొస్తావు?